జరగని ప్రమాదానికి లెక్క ఎవరిది?



మా అక్క కొడుకు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్క చాలా ఏళ్ళు "కరెంటు పని" అని చెప్పి మాట మార్చేది. కచేరీలకు దీపాలు పెడతాడని చెబితే పెళ్ళి పందిరికి సీరియల్ బల్బులు కట్టేవాడనుకుంటారేమోనని ఒక భయం. సినిమా పాటలవాళ్ళతో ఊళ్ళు తిరుగుతాడంటే సంఘంలో పెద్దలు ఏమనుకుంటారోనని ఇంకొక భయం. నిజానికి వాడు లైటింగ్ డిజైనర్. బెంగుళూరులో ఉండి, గాయకుల బృందాలతో పాటు ఊరూరు తిరుగుతూ, ఏ పాటకు ఏ రంగు, ఏ క్షణాన ఎవరి ముఖం మీద వెలుగు, ఎప్పుడు చీకటి అన్నది నిర్ణయించేవాడు.

2019 ఏప్రిల్‌లో వాడు ఉన్న పని పోగొట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేను వాడితో ఒక మాట అన్నాను. "నువ్వు దీపాలవాడివా, గాలివానల ఆఫీసరువా? చెప్పిన పని చేసుకొని రావచ్చు గదా" అన్నాను. మేనమామను గనుక అనే హక్కు ఉన్నదనుకున్నాను. ఆ మాట సరియైనదేనా అన్న సందేహం అప్పటి నుండి నన్ను వదలలేదు. దాన్నే ఈ పుటల్లో మీ ముందు పెడుతున్నాను. మనలో చాలామందిమి ఒకరి కింద పని చేసి బ్రతికినవాళ్ళమే. వలస వచ్చినవాడికి యజమాని మాట కాదనడం ఎంత కష్టమో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ముందు ఆ పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి. పాటగాడు ఊరు మారితే వెనుక లారీలు కూడా మారతాయి. ఉదయం ఆరు గంటలకు మైదానంలో సామాను దించుతారు. అల్యూమినియం గొట్టాలతో నిచ్చెనలాగా అల్లిన పొడవాటి దూలాలు ఉంటాయి. వాటిని ట్రస్ అంటారు. నేల మీదనే వాటిని బోల్టులతో కలిపి, దీపాలు తగిలించి, తీగలు చుట్టి, అప్పుడు చైన్ మోటార్లతో మెల్లగా పైకి లాగుతారు. ఒక్కొక్క తిరిగే దీపం ఇరవై, ముప్పై కిలోలు తూగుతుంది. కొక్కెం విరిగినా దీపం పడకుండా ప్రతిదానికీ వేరుగా ఒక ఉక్కు తీగ కడతారు. పైకి వెళ్ళిన తరువాత ఆ ఉక్కు తీగ ఎవరికీ కనబడదు. మధ్యాహ్నం జనరేటరు పరీక్ష, సాయంత్రం చీకటి పడ్డాక ఒక్కొక్క దీపాన్ని గురి చూసి నిలపడం. రాత్రి ఆట. ఆట ముగిసి జనం ఇళ్ళకు పోయి పడుకున్న తరువాత వీళ్ళు దాన్నంతా విప్పి, తెల్లవారుజామున మూడింటికి లారీ ఎక్కించి, ఆ లారీ వెనుకనే ఇంకొక ఊరికి పోతారు.

పూర్వం పార్ 64 అనే దీపాలు వాడేవారు. ఒక్కొక్కటి 1000 వాట్లు. అలాంటివి వంద వెలిగిస్తే లక్ష వాట్లు. పాడేవాడు కింద చెమటతో తడిసిపోయేవాడు. 1981లో జెనెసిస్ అనే ఇంగ్లీషు పాటల బృందం తన పర్యటనలో, తమంతట తామే తిరిగి రంగు మార్చుకునే దీపాలను మొదటిసారి వెంట తీసుకుపోయింది. 1986లో ఒకే తీగ గుండా 512 వేరు వేరు ఆజ్ఞలు పంపే పద్ధతి ఏర్పడింది. ఇప్పుడు ఎల్.ఇ.డి. వచ్చి వేడి తగ్గింది, కరెంటు తగ్గింది. దీపాల సంఖ్య మాత్రం తగ్గలేదు, పెరిగింది. వేదిక వెనుక ఇల్లంత తెర ఒకటి అదనంగా వచ్చింది. గాలి వీస్తే ఆ తెర పడవకు కట్టిన తెరచాప లాగా పని చేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వెలుగుకు ఎంత బలమున్నదో తెలియాలంటే కలకత్తాలో తాపస్ సేన్ చేసిన పని ఒక్కటి చాలు. 1959లో మినర్వా థియేటరులో ఉత్పల్ దత్ బృందం 'అంగార్' అనే నాటకం వేసింది. బొగ్గుగని కూలీల కథ. చివర గనిలోకి నీళ్ళు వచ్చి మనుషులు మునిగిపోతారు. వేదిక మీద చుక్క నీరు లేదు. నీటిమట్టం పెరగడం, అది నడుముకు, మెడకు రావడం అంతా దీపాలతోనే చూపించాడు. మన సురభివారు కూడా ఊరూరు తిరిగి తెరలతో, దీపాలతో ఇలాంటి కనికట్టు చేసినవారే. అయితే తాపస్ సేన్ సంగతి విన్నప్పుడు నాకు వేరే కారణం వల్ల ఒళ్ళు జలదరించింది. నేను గనిలో పని చేసినవాడి కొడుకును.

మా నాయన చిత్తూరు జిల్లా నుండి కోలారు బంగారు గనులకు వచ్చాడు. శివనసముద్రం జలపాతం నుండి 1902లోనే కరెంటు వచ్చిన ఊరు అది. బెంగుళూరు వీధులకు దీపాలు రావడానికి మూడేళ్ళ ముందు. కరెంటు వచ్చింది గనులకోసమే. మేమున్న లైన్లలో చాలా కాలం చిమ్నీ దీపమే. ఆ సంగతి ఇంకొకప్పుడు.

మళ్ళీ మా వాడి కథకు వస్తాను. 2019 ఏప్రిల్‌లో ఉత్తర కర్ణాటకలోని ఒక జిల్లా కేంద్రంలో పెద్ద మైదానంలో కచేరీ. టికెట్లు అమ్ముడుపోయాయి. చుట్టుపట్ల ఊళ్ళ నుండి ట్రాక్టర్లలో, టెంపోలలో జనం వచ్చి కూర్చున్నారు. మామిడి వానల కాలం గదా, సాయంత్రం ఆరు దాటిన తరువాత పడమటివైపు ఆకాశం నల్లబడింది. గాలి ఎంత వేగంగా వీస్తున్నదో కొలిచే పరికరం పైన ఉండవలసింది, లేదు. వాడు గేటు దగ్గర కట్టిన గుడ్డ బ్యానరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ బ్యానరు మొదట ఊగింది, తరువాత బిగుసుకొని నిలబడిపోయింది. వాడు వెళ్ళి, ముందు వరుస ట్రస్‌ను కిందికి దించాలి, వెనుక తెరను దించాలి, వేదిక ముందు కూర్చున్నవాళ్ళను వెనక్కు జరపాలి అని నిర్వాహకులను అడిగాడు. "అరగంటలో ఆట మొదలు, ఇప్పుడు దించేదేమిటి? ఏమీ కాదు" అన్నారు. రెండవసారి అడిగాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు.

వాడు తన పనే చూసుకున్నాడు. మోటార్ల దగ్గరకు పోయి తన చేతులతో ట్రస్‌ను దించేశాడు.

తరువాత గాలి వచ్చింది. పది నిమిషాలు వీచింది. గేటు దగ్గర రెండు బ్యానర్లు చినిగిపోయాయి, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు ఎగిరిపడ్డాయి, నాలుగు చినుకులు రాలాయి. అంతే. ఆకాశం తేటపడింది. మళ్ళీ అన్నీ పైకి లేపి, గురి చూసి, ఆట మొదలుపెట్టేసరికి గంటన్నర ఆలస్యమైంది. జనం ఈలలు, కేకలు. గాయకుడికి కోపం. పోలీసులు ఇచ్చిన సమయం పది గంటలకు అయిపోయింది గనుక నాలుగు పాటలు తగ్గించవలసి వచ్చింది. మరునాడు ఫోను చేసి వాణ్ణి ఇక రానక్కరలేదన్నారు.

ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, వాడు చేసింది సరియైనదా? ట్రస్‌ను దించకపోయి ఉంటే అది పడేదా? ఎవరూ చెప్పలేరు. పడకపోయే అవకాశమే ఎక్కువ అని వాడే ఒప్పుకున్నాడు. ప్రమాదం జరిగితే సాక్షులు ఉంటారు, ఫోటోలు ఉంటాయి, విచారణ ఉంటుంది. జరగని ప్రమాదానికి సాక్షి ఎవరు? దీపాలు దించినవాని చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. ఆలస్యమైన గంటన్నర మాత్రం అందరికీ కనబడుతుంది. అందుకే నేను ఆ మాట అన్నాను. నా ఎదుట కనబడినది పోయిన జీతం ఒక్కటే.

వాడు నాకు జవాబు చెప్పలేదు. చాలాసేపటికి, "మామయ్యా, పైన వేలాడేది నేను వేసిన లెక్క ప్రకారం వేలాడుతున్నది. కింద కూర్చున్నవాడికి అది తెలియదు" అన్నాడు. అప్పుడు నాకది జవాబులాగా తోచలేదు. ఇప్పుడు తోస్తున్నది.

ఎందుకంటే ఆ పని యొక్క స్వభావం చూడండి. దీపాలవాడు చేసేదంతా జనం కళ్ళను ఒకచోటికి నడిపించడమే. పాడేవాని ముఖం మీద వెలుగు పెడితే పదివేల కళ్ళు అక్కడికే పోతాయి. మిగిలినదంతా చీకటిలో ఉంటుంది: దూలాలు, గొలుసులు, కొక్కేలు, తీగలు, పైకప్పు. ఎవరూ తల ఎత్తి పైకి చూడరు. చూడకుండా ఉండాలనే వాడి ప్రయత్నం. బజారులో నడిచేవాడు పడిపోయే గోడను చూసి తప్పుకుంటాడు. కచేరీలో కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు. అతని కన్ను ఇంకొకరి చేతిలో ఉన్నది. అలాంటప్పుడు అతని కన్ను చేయవలసిన కాపలా పని ఎవరు చేయాలి? ఆ కన్నును తీసుకున్నవాడే చేయాలి. నేనైతే ఇంకే విధంగానూ దీన్ని చెప్పలేను. నిర్వాహకుడు టికెట్టు డబ్బులు తీసుకున్నాడు గనుక అతనికీ బాధ్యత ఉన్నది, కాదనను. కాని అతడు పైన ఏమి వేలాడుతున్నదో ఎరుగడు. ఎరిగినవాని బాధ్యత ఎరుగనివానికి అప్పజెప్పి నిద్రపోవడం ఎలా?

ప్రమాదం ఊహ మాత్రమే అనుకునేవారికోసం రెండు సంగతులు చెబుతాను. కర్టిస్ మేఫీల్డ్ అని అమెరికాలో పేరుపడిన నల్లజాతి గాయకుడు. 1990 ఆగస్టు 13వ తేదీన న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీ. ఆయన వేదిక ఎక్కుతుండగా గాలి విసిరి పైనున్న దీపాల కట్టడం ఆయన మీద పడింది. మెడ కింది నుండి శరీరమంతా చచ్చుబడిపోయింది. ఆ తరువాత ఆయన వెల్లకిల పడుకొని, ఊపిరి అందినంత వరకు ఒక్కొక్క చరణం పాడుతూ ఒక ఆల్బమ్ పూర్తి చేశాడు. అది 1996లో వచ్చింది. 1999 డిసెంబరులో చనిపోయాడు. ఆ సాయంత్రం జనం ఆయన పాట వినడానికే వచ్చారు. పైన దీపాలు ఎలా నిలిచి ఉన్నాయో చూడడానికి ఎవరూ రాలేదు.

రెండవది సరిగ్గా అదే తేదీన, ఇరవైయొక్క ఏళ్ళకు. 2011 ఆగస్టు 13న ఇండియానా రాష్ట్రపు తిరునాళ్ళలో కచేరీ మొదలయ్యే ముందు గాలివాన వచ్చి వేదిక పైకప్పు, దీపాలతో సహా, జనం మీదికి కూలింది. 7 మంది చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో దీపం తిప్పడానికి పైన కూర్చున్న పనివాడు కూడా ఉన్నాడు. కూలడానికి కొద్ది నిమిషాల ముందు వేదిక మీద నుండి వాతావరణం గురించి ప్రకటన చేశారు గాని జనాన్ని ఖాళీ చేయించలేదు. తరువాత జరిగిన విచారణలో రెండు విషయాలు తేలాయి. ఒకటి, ఆ కట్టడాన్ని పక్కలకు పట్టి నిలిపే ఏర్పాటు ఆ గాలికి చాలలేదు. రెండవది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది: ఆట ఆపమని చెప్పే అధికారం ఎవరిదో అక్కడ స్పష్టంగా లేదు. అందరూ పెద్దలే, అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు, ఒకరు చెబుతారని ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. అందరూ చెడ్డవాళ్ళు కానక్కరలేదు. ఎవరికి వారు "ఇది నా పని కాదేమో" అనుకుంటే చాలు.

ఇక "చెప్పిన పని చేశాను" అన్న మాట సంగతి. 2003 ఫిబ్రవరి 20వ తేదీ రాత్రి అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక చిన్న క్లబ్బులో గ్రేట్ వైట్ అనే బృందం పాట మొదలుపెట్టింది. మొదటి పాటకే వెలుగు చిమ్మే బాణాసంచా కాల్చారు. అది వెలుగు ఏర్పాటులో ఒక భాగమే. శబ్దం బయటికి పోకుండా గోడలకు అంటించిన స్పాంజికి నిప్పంటుకున్నది. చాలామంది మొదట అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. 100 మంది చనిపోయారు. స్పాంజి అంటించింది క్లబ్బు యజమానులు. తనిఖీకి వచ్చినవారు దాన్ని పట్టించుకోలేదు. బాణాసంచాకు అనుమతి ఉన్నదని బృందంవారు, లేదని యజమానులు వాదించుకున్నారు. తప్పు పంచుకోవడానికి చాలామంది ఉన్నారు. అయినా బాణాసంచా కాల్చిన యువకుడు, ఆ బృందం పర్యటన మేనేజరు, 2006లో కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. వాదించి చూడవచ్చు గదా, ఒప్పుకున్నాడు. చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి వేరు వేరుగా తన చేతితో ఉత్తరం వ్రాశాడు. నాలుగేళ్ళు జైలులో ఉండాలని తీర్పు. 2008లో అతణ్ణి ముందుగా విడుదల చేసే విషయం వచ్చినప్పుడు చనిపోయినవారి బంధువులలో కొందరు అతని పక్షాన మాట్లాడారు.

వంద ఉత్తరాలు. నేను ఎన్నోసార్లు దాని గురించి ఆలోచించాను. అవి వ్రాసేటప్పుడు "నాకు చెప్పారు, నేను చేశాను" అని వ్రాయవచ్చునా? వ్రాస్తే ఆ తల్లిదండ్రులు చదువుతారా? మా వాడు ఆ సాయంత్రం మోటార్ల దగ్గర నిలబడినప్పుడు అలాంటి ఉత్తరమొకటి వాడి కళ్ళ ముందు కదలి ఉంటుంది. జీతం పోయిందని నేను లెక్క చెప్పాను. వాడి లెక్క వేరే పుస్తకంలో ఉన్నది.

అయితే అవతలి పక్షానికి కూడా న్యాయం చేయాలి. ప్రతి గాలికీ ప్రతి పనివాడూ తన ఇష్టం వచ్చినట్టు దీపాలు దించితే ఏ ఆటా సాగదు. ఆ ఒక్క రాత్రి మీద నలభై మంది కూలి ఆధారపడి ఉంటుంది. మూడు నెలలు డబ్బు దాచుకొని బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చినవాళ్ళు ఉంటారు. భయస్థుడు కూడా తన భయానికి బాధ్యత అనే పేరు పెట్టుకోవచ్చు. "నేను భయపడి దించానా, ఆలోచించి దించానా నాకే తెలియదు మామయ్యా" అని వాడు ఒకసారి అన్నాడు. నిజాయితీ గల మాట. రెండింటినీ వేరు చేయడం కష్టమే. నాకు తోచినది ఏమిటంటే, ఆ తేడా గాలి వీచే సమయంలో తెలియదు, గాలి లేనప్పుడు చేసిన ఏర్పాటులో తెలుస్తుంది. మంచి పర్యటన బృందాలు ఇప్పుడు ముందే కాగితం మీద వ్రాసుకుంటాయట: గాలి ఇంత వేగం దాటితే తెర దించాలి, ఇంత దాటితే కప్పు దించాలి, ఇంత దాటితే జనాన్ని పంపించాలి, ఆ మాట చెప్పే మనిషి ఫలానావాడు, అతడు చెబితే గాయకుడు కూడా అడ్డు చెప్పకూడదు. తీరిక ఉన్నప్పుడు, డబ్బు ఇంకా చేతికి రానప్పుడు, జనం ఈలలు వేయనప్పుడు తీసుకున్న నిర్ణయం అది. మా వాడు చేసిన తప్పు ఏదైనా ఉన్నదంటే ఆ కాగితం ఉదయమే అడిగి వ్రాయించుకోకపోవడం. పైన గాలి కొలిచే పరికరం లేదని ఉదయం ఆరింటికే చూశాడు, చూసి ఊరుకున్నాడు. ఆ మాట నేను వాడితో అంటే "అవును" అన్నాడు.

మన గ్రంథంలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న కట్టడ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడినప్పుడు ఆ ఇంటిమీదికి రక్తాపరాధం వస్తుందని దాని భావం. దొంగతనం, నరహత్య గురించిన ఆజ్ఞలు ఎదుట కనబడే తప్పుల గురించి. ఈ కట్టడ ఇంకా పడని మనిషి గురించి. పిట్టగోడ కట్టిన ఇంట్లో ఎవరూ పడరు; పడలేదు గనుక ఆ గోడ అనవసర ఖర్చు అని ఎవడైనా అంటే ఏమి జవాబు చెప్పగలం? అయినా కట్టమన్నారు. పైగా ఆ మాట ఇల్లు కట్టేటప్పుడే చెప్పారు, ఎవడో అంచుకు వచ్చి నిలబడినప్పుడు కాదు.

ఇంతవరకు వ్రాసిన తరువాత మా నాయన గుర్తుకు వచ్చాడు. ముందే రావలసింది. ఆయన గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే గుంపులో పని చేసేవాడు. ఇనుప గడ్డపారతో పైరాతిని తట్టి వినేవాడు. గట్టి శబ్దం వస్తే రాయి నిలుస్తుంది, డొల్ల శబ్దం వస్తే ఊడుతుంది. కోలారు గనులలో లోతున రాయి ఒత్తిడికి పగిలినప్పుడు పైన మా లైన్లలో గిన్నెలు కదిలేవి. అమ్మ పొయ్యి దగ్గర నుండి లేచి వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఒకనాడు నాయన ఒకచోట తట్టి, శబ్దం బాగా లేదని, ఎవరినీ లోపలికి పోనీయక దారికి అడ్డం నిలబడ్డాడట. మేస్త్రీ అరిచాడు. గుంపుకంతా ఆ రోజు కూలి పోయింది. ఆ రాయి ఆ రోజు పడలేదు. మరునాడూ పడలేదు. తరువాత ఆ భాగాన్ని రాళ్ళతో పూడ్చి మూసేశారు. "మీ నాయన చెవులు మా అన్నం తిన్నాయి" అని ఆ గుంపులోని ఒకాయన పండుగలకు వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. నాయన నవ్వేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఎగతాళి చేసిన ఆయన కూడా ముసలివాడై, మనుమలను ఎత్తుకొని, మంచం మీద చనిపోయాడు.

ఆ కథ వింటూ పెరిగి, ఆ కూలి పోయిన రోజు అన్నం లేక గంజి త్రాగి, నేను నా మేనల్లుడితో ఆ మాట ఎలా అనగలిగానో నాకు తెలియదు. గని 2001లో మూతబడింది. మేము బెంగుళూరు వచ్చాము, పిల్లలు చదువుకున్నారు, జీతాలు నెలనెలా బ్యాంకులో పడుతున్నాయి. తట్టి వినే అలవాటు నాయనతోనే పోయిందనుకున్నాను. మా అక్క కొడుక్కు అది ఎలా వచ్చిందో, వాడు పుట్టేనాటికి నాయన గని పని మానేసి పదేళ్ళు.

మన కన్వెన్షన్ పందిళ్ళ గురించి కూడా ఒక మాట. కోపగించుకోకండి. వెదురు బొంగులకు కట్టిన ఫ్లడ్ లైట్లు, తడి నేల మీద పాకే జనరేటరు తీగలు, అతుకులకు చుట్టిన పాలిథీన్ కాగితం, దాని పక్కనే చాప పరచుకొని కూర్చున్న తల్లులు, పసిపిల్లలు. నేను కమిటీలో ఉన్న ఏళ్ళలో ప్రసంగీకుల పేర్ల మీద మూడేసి మీటింగులు పెట్టుకున్నాం. ఆ తీగ ఎవరు చూశారని ఒక్కసారి అడిగిన గుర్తు లేదు.

మా వాడికి ఆ తరువాత ఎనిమిది నెలలకు ఇంకొక బృందంలో పని దొరికింది. వెంటనే కరోనా వచ్చి కచేరీలన్నీ ఆగిపోయాయి. రెండేళ్ళు వాడు కూరగాయల బండికి లెక్కలు వ్రాశాడు. మళ్ళీ ఇప్పుడు తిరుగుతున్నాడు. సొంత డబ్బుతో అరచేతిలో పట్టే గాలి కొలిచే పరికరం కొనుక్కున్నాడు. మా అక్క ఇప్పుడు "మావాడు లైటింగ్ డిజైనర్" అని ఇంగ్లీషులో చెబుతుంది.

పోయిన సంవత్సరం మన కూడికలకు ముందు శనివారం వాడు ఊళ్ళో ఉన్నాడు. పిలిస్తే వచ్చాడు. పందిరి కింద అటూ ఇటూ తిరిగి, ఒక స్టూలు తెప్పించుకొని, పైన ఉన్న ప్రతి దీపానికీ ఒక్కొక్క ఇనుప తీగ అదనంగా కట్టాడు. జనరేటరు తీగను నేల మీద నుండి తీయించి బొంగుల మీదుగా వేయించాడు. సాయంత్రం అయిపోయింది. కుర్చీలు వేసేవాళ్ళు విసుక్కున్నారు. తీగకు, నాలుగు క్లాంపులకు కలిపి 640 రూపాయలైంది. సోమవారం లెక్కలు చూసేటప్పుడు కోశాధికారి ఆ చీటీ చూపించి, "అన్నా, ఇది దేనికి?" అని అడిగాడు. ఏ పద్దు కింద వ్రాయాలో నాకూ తోచలేదు. సంతకం పెట్టి ఇచ్చాను.